పాత ఆర్చ్‌టాప్ గిటార్లకు స్ట్రాప్ బటన్ల బిగింపు: ఒక సమీక్ష

ప్రశ్న స్వరూపం

వయొలిన్ తరహాలో పైపలకనూ వెనకపలకనూ మధ్యలో ఉబ్బెత్తుగా, అంచుల వైపు వాలుగా చెక్కి, గుండ్రటి నాద రంధ్రానికి బదులు ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు సన్నని రంధ్రాలు కోసి తయారుచేసే గిటార్‌ను ఆర్చ్‌టాప్ గిటార్ అంటారు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో అమెరికాలో తయారైన ఇటువంటి వాద్యాలు నేటికీ కచేరీల్లో మోగుతున్నాయి. అదే సమయంలో కళాఖండాలుగానూ గౌరవం పొందుతున్నాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2011లో ఇటలీ సంతతికి చెందిన న్యూయార్క్ గిటార్ శిల్పుల పనితనంపై ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేయడం ఆ గౌరవానికి నిదర్శనం. ఒకే వస్తువు పనిముట్టుగానూ వారసత్వ సంపదగానూ ఉన్నప్పుడు దానికి చేసే ప్రతి చిన్న మార్పూ రెండు న్యాయస్థానాల్లో సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. స్ట్రాప్ బటన్ అటువంటి చిన్న మార్పే.

గిటార్‌ను నిలబడి వాయించడానికి భుజాన వేసుకునే పట్టీని స్ట్రాప్ అని, దాని రెండు కొసలను తగిలించడానికి వాద్యంపై బిగించే గుబ్బలను స్ట్రాప్ బటన్లు అని పిలుస్తారు. పాత ఆర్చ్‌టాప్‌లలో చాలావాటికి తోకవైపు మాత్రమే ఒక గుబ్బ ఉంటుంది. మెడవైపు ఏమీ ఉండదు. ఉన్న గుబ్బ దశాబ్దాల వాడకంతో వదులై ఉండవచ్చు, లేని గుబ్బను కొత్తగా బిగించవలసి రావచ్చు, లేదా మునుపటి యజమాని ఎప్పుడో వేసిన బెజ్జం అరిగిపోయి స్క్రూను పట్టి ఉంచలేకపోవచ్చు. ఈ మూడు సందర్భాల్లో ఏ పద్ధతి మేలైనదన్న విషయంలో మరమ్మతు నిపుణుల మధ్య, వాద్యకారుల మధ్య, సేకర్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆ వాదనలను చెక్క స్వభావం, బలాల లెక్క, పరిరక్షణ నీతి అనే మూడు గీటురాళ్లపై పరిశీలించినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది: బటన్‌కు కావలసిన బలం దాదాపు ఏ పద్ధతిలోనైనా లభిస్తుంది గనుక, పద్ధతుల మంచిచెడ్డలను తేల్చవలసింది అవి పాత చెక్కలో ఎంత భాగాన్ని శాశ్వతంగా పోగొడతాయన్న లెక్కతోనే.

లేని బటన్ వెనుక ఉన్న చరిత్ర

మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో ఆర్విల్ గిబ్సన్ చెక్కిన పలకలతో మాండొలిన్లు తయారుచేసి 1898లో వాటికి పేటెంట్ పొందాడు. ఆయన పేరుతో 1902లో ఏర్పడిన సంస్థ 1922లో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో ఎల్-5 అనే నమూనాను తెచ్చి, ఎఫ్-రంధ్రాల ఆర్చ్‌టాప్‌కు ఒక స్థిరరూపం ఇచ్చింది. నృత్య వాద్యబృందాల్లో ఇత్తడి ఊదువాద్యాల మధ్య గిటార్ ధ్వని వినిపించాలన్న ఆరాటంతో 1930లలో ఈ గిటార్ల వెడల్పు ఏటేటా పెరిగింది. ఎల్-5 16 అంగుళాల నుంచి 17కు పెరగగా, 1934 ప్రాంతంలో గిబ్సన్ 18 అంగుళాల సూపర్ 400ను, 1935లో ఎపిఫోన్ సంస్థ 18న్నర అంగుళాల ఎంపరర్‌ను విడుదల చేశాయి. బోస్టన్‌లో స్ట్రోంబర్గ్ తండ్రీకొడుకులు 19 అంగుళాల వెడల్పు వరకు వెళ్లారు. న్యూయార్క్‌లోని కెన్మేర్ వీధిలో 1932లో దుకాణం తెరిచిన జాన్ డాంజెలికో 1964లో మరణించేవరకు వెయ్యికి పైగా గిటార్లను చేతిపనితో తయారుచేశాడు.

ఈ వాద్యాలను చాలామంది కూర్చుని వాయించేవారు. కౌంట్ బేసీ జాజ్ బృందంలో 1937లో చేరి 1987లో మరణించేవరకు లయకు వెన్నెముకగా నిలిచిన ఫ్రెడ్డీ గ్రీన్ కుర్చీలో కూర్చుని, గిటార్‌ను కొంత వాల్చి పట్టుకుని వాయించే తీరు ఆ సంప్రదాయానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. భారతదేశంలో విశ్వమోహన్ భట్ ఆర్చ్‌టాప్ గిటార్‌ను మార్చి రూపొందించిన మోహన వీణ కూడా ఒడిలో పడుకోబెట్టి వాయించేదే కాబట్టి దానికి స్ట్రాప్ ప్రసక్తే రాదు. కూర్చునే వాద్యకారుడికి మెడవైపు బటన్ అవసరం లేదు. నిలబడి పాడుతూ వాయించే గ్రామీణ సంగీతకారులు, రేడియో గాయకులు స్ట్రాప్ కొసను ఒక తోలుతాడుతో గిటార్ తలకు, అంటే తంత్రుల బిరడాలుండే భాగానికి కట్టుకునేవారు. విద్యుదీకరణ వ్యాపించి గిటార్‌కారుడు వేదిక ముందుకు వచ్చిన తర్వాత పరిస్థితి మారింది. 1958లో వచ్చిన ఇఎస్-335 వంటి పలచని గిటార్లలో మెడవైపు బటన్‌ను కర్మాగారంలోనే బిగించి ఇచ్చారు. ఆ అలవాటు వెనక్కి ప్రసరించి, అంతకు ముందు తరాల గిటార్లకు కూడా యజమానులు సొంతంగా బటన్లు బిగించుకోవడం మొదలైంది. నేడు మరమ్మతు బల్లపైకి వచ్చే సమస్యల్లో అధిక భాగం ఆనాటి తొందరపాటు బెజ్జాల వారసత్వమే.

ఒంటి నిర్మాణం, దాని పరిమితులు

బటన్ బిగింపుకు అవకాశమున్న చోట్లు రెండే. మొదటిది తోక కొస. అక్కడ పక్కపలకలు రెండూ కలిసే కీలును లోపలినుంచి ఒక చెక్క దిమ్మ బలపరుస్తుంది. దాన్ని టెయిల్ బ్లాక్ అంటారు. ఆ దిమ్మలోకి దించిన కోపుగా ఉండే మేకును ఎండ్‌పిన్ అంటారు. లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడే ఆకారం వల్ల అది ఏ జిగురూ స్క్రూ లేకుండా రాపిడితోనే నిలుస్తుంది. ఆర్చ్‌టాప్‌లో తంత్రుల కింది కొసలు టెయిల్‌పీస్ అనే లోహపు చట్రానికి తగులుతాయి. ఆ చట్రపు మడత ఒంటి అంచు మీదుగా దిగి, తోక కొసన స్క్రూలతో బిగుసుకుంటుంది. చాలా నమూనాల్లో ఎండ్‌పిన్ ఆ మడతలోని రంధ్రం గుండానే దిమ్మలోకి దిగుతుంది. అంటే స్ట్రాప్ బరువును మోసే చెక్కా, సుమారు 70 నుంచి 80 కిలోల తంత్రుల లాగుడును మోసే చెక్కా ఒక్కటే. తోకవైపు చేసే ఏ మరమ్మతైనా ఈ ఇరుగుపొరుగును లెక్కలోకి తీసుకోవాలి.

రెండవది మెడ మొదలు. మెడ ఒంటితో కలిసే చోట కిందికి దిగే మందపాటి భాగాన్ని హీల్ అని, దాని అడుగు ముఖాన్ని కప్పే పలచని బిళ్లను హీల్ క్యాప్ అని అంటారు. మెడ కొసన విచ్చుకున్న పావురం తోక ఆకారంలో కోసిన ముక్కను ఒంటిలోని మరో దిమ్మలో అదే ఆకారపు గాడిలోకి దించి, జిగురుతో అతికిస్తారు. దశాబ్దాల తంత్రుల లాగుడుకు మెడ కోణం మారినప్పుడు ఈ కీలును ఆవిరితో వదులుచేసి, మెడను బయటికి తీసి, సరిచేసి మళ్లీ అతకడం పాత గిటార్ల విషయంలో సాధారణ చికిత్స. హీల్‌లోకి వేసే స్క్రూ పొరపాటున ఈ కీలును దాటి దిమ్మలోకి వెళితే, అది మెడనూ ఒంటినీ కలిపి మేకు కొట్టినట్టవుతుంది. భవిష్యత్తులో మెడను తీయబోయే నిపుణుడికి కనపడని అడ్డంకి మిగులుతుంది.

మామూలు గిటార్‌కు లేని మరో చిక్కు ఆర్చ్‌టాప్‌కు ఉంది. గుండ్రటి రంధ్రం లేనందున చేతిని లోపలికి పంపడం సాధ్యం కాదు. ఎఫ్-రంధ్రం గుండా చిన్న అద్దం, సన్నని దీపం, తాడు మాత్రమే వెళతాయి. అందువల్ల దిమ్మ వెనుకవైపు వాషర్, నట్టు పెట్టి బటన్‌ను బిగించడం, లోపలినుంచి బలపరిచే చెక్కను అతకడం వంటి పనులు ఇక్కడ చాలా కష్టం. ఎండ్‌పిన్ తీసినప్పుడు కనిపించే రంధ్రమే దిమ్మ లోపలి పరిస్థితిని, పగుళ్లను చూడడానికి దొరికే మంచి కిటికీ కాబట్టి, పిన్ను బయటికి వచ్చిన ప్రతి సందర్భాన్నీ పరీక్షకు వినియోగించుకోవడం వివేకం.

బలాల లెక్క చెప్పేది

స్క్రూ చెక్కను ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న ప్రశ్నకు విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని అమెరికా ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ప్రచురించే చెక్కల కరదీపికలో ఒక సూత్రం ఉంది. స్క్రూను నిలువుగా లాగి బయటికి తీయడానికి కావలసిన బలం చెక్క సాపేక్ష సాంద్రత వర్గానికి, స్క్రూ వ్యాసానికి, చెక్కలోకి దిగిన మర పొడవుకు అనులోమానుపాతంలో ఉంటుందని ఆ సూత్రం చెబుతుంది. స్ట్రాప్ బటన్లలో తరచుగా కనిపించే 6వ నంబరు స్క్రూ, అంటే సుమారు 3.5 మిల్లీమీటర్ల వ్యాసం గలది, ముప్పావు అంగుళం మేర మహాగని చెక్కలో దిగితే దాన్ని పీకడానికి సుమారు 150 కిలోల బలం కావాలి. గట్టి మేపుల్‌లో అది దాదాపు రెట్టింపవుతుంది. మెత్తని స్ప్రూస్‌లో కూడా 110 కిలోలకు పైనే ఉంటుంది. ఇవి చెక్క ఓడిపోయే హద్దులు కాబట్టి ఐదో వంతే నమ్మదగినదనుకున్నా, మూడు కిలోల దరిదాపుల్లో తూగే గిటార్‌కు అది పదింతల రక్షణ.

అయినా బటన్లు ఊడిపోతూనే ఉన్నాయి. దానికి కారణం సూత్రం తప్పు కావడం కాదు. పట్టీ ఎప్పుడూ బటన్‌ను నిలువుగా పీకదు. అది బటన్ నడుమును పక్కకు లాగుతుంది. చెక్క ముఖం నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల ఎత్తులో పట్టీ లాగుతూ, బటన్ పీట వ్యాసం పన్నెండు మిల్లీమీటర్లు ఉంటే, బటన్ తన పీట అంచుపై ఒరగబోతుంది. ఆ ఒరుగుడును ఆపడానికి స్క్రూలో పుట్టే లాగుడు, పట్టీ లాగుడుకు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పీట చెక్కకు పూర్తిగా ఆనుకుని గట్టిగా బిగిసి ఉన్నంతవరకు ఇది స్వల్పమైన భారమే. పీట కింద సందు ఏర్పడిన మరుక్షణం లెక్క మారిపోతుంది: పీట ఆసరా లేని స్క్రూ ప్రతి కదలికకూ బెజ్జం నోటి దగ్గర నారను నలుపుతుంది, నలిగిన నార పొడిగా మారుతుంది, బెజ్జం కోలగా సాగుతుంది, చివరికి ఒకనాడు స్క్రూ చేతితో లాగితేనే వచ్చేస్తుంది. కనుక వదులైన బటన్‌ను వెంటనే బిగించడం మొదటి మరమ్మతు. దాన్ని నిర్లక్ష్యం చేయడమే తరువాతి మరమ్మతులన్నిటికీ మూలం.

అదే సూత్రం నుంచి ఇంకో ఉపయోగకరమైన నిర్ణయం వస్తుంది. అరిగిన బెజ్జంలో 6వ నంబరు స్క్రూకు బదులు 4.2 మిల్లీమీటర్ల 8వ నంబరు స్క్రూ వేయడం ఎక్కువమంది చేసే పని. వ్యాసం పెరగడం వల్ల పట్టు 19 శాతం మాత్రమే పెరుగుతుంది. అదే వ్యాసంతో మర పొడవును ముప్పావు అంగుళం నుంచి ఒక అంగుళానికి పెంచితే పట్టు 33 శాతం పెరుగుతుంది. లావు స్క్రూ పాత బెజ్జం గోడను తినేస్తుంది, సన్నని హీల్‌ను చీల్చే ప్రమాదాన్ని పెంచుతుంది; పొడవు స్క్రూ అదివరకు ఎవరూ తాకని నారను వెతుక్కుంటుంది. దిమ్మ మందం, కీలు స్థానం అనుమతించినంతవరకు పొడవు వైపు వెళ్లడమే శ్రేయస్కరం.

నార దిశ కూడా ముఖ్యమే. మెడ చెక్కలో నార మెడ పొడవునా సాగుతుంది, హీల్‌లోనూ అదే దిశ. హీల్ క్యాప్ నుంచి పైకి గానీ, హీల్ పక్కముఖం నుంచి అడ్డంగా గానీ వేసిన స్క్రూ నారకు అడ్డంగా వెళ్లి పూర్తి పట్టు సాధిస్తుంది. హీల్ ముందువంపు నుంచి ఒంటివైపు వేసిన స్క్రూ నార వెంబడి పోతుంది. అటువంటి స్క్రూ పట్టు సగటున నాలుగింట మూడు వంతులేనని అదే కరదీపిక పేర్కొంటుంది. స్క్రూకు దారి చూపే తొలి బెజ్జం కూడా కొలత ప్రకారం ఉండాలి: మర అడుగు వ్యాసంలో మెత్తని చెక్కకు సుమారు 70 శాతం, గట్టి చెక్కకు 90 శాతం. మేపుల్‌లో సన్నని బెజ్జం వేసి స్క్రూను బలవంతంగా తిప్పితే చెక్కైనా చీలుతుంది, ఇత్తడి స్క్రూ అయితే తలైనా తెగుతుంది. ముందుగా ఉక్కు స్క్రూతో మర కోసి, దాన్ని తీసి ఇత్తడి స్క్రూ వేయడం వడ్రంగంలో పరీక్షకు నిలిచిన పద్ధతి. స్క్రూకు కాస్త మైనం పూసినందువల్ల పట్టు చెప్పుకోదగినంత తగ్గదు.

మెడవైపు బటన్: చోటు గురించిన వాదం

కొత్త బటన్‌ను హీల్ క్యాప్‌పై పెట్టాలా, హీల్ పక్కన పెట్టాలా అన్నది ఈ రంగంలో ఎక్కువ చర్చకు గురయ్యే అంశం. హీల్ క్యాప్‌పై పెట్టాలనేవారు కర్మాగార సంప్రదాయాన్ని ఉదాహరిస్తారు. స్క్రూ హీల్ మధ్యరేఖలో దిగుతుంది కాబట్టి చీలిక భయం తక్కువ, ముందునుంచి చూస్తే బటన్ కనపడదు. ఈ వాదానికి ఎదురయ్యే చిక్కు సమతౌల్యం. మూడు అంగుళాలకు పైగా లోతున్న ఒంటిలో గరిమనాభి వెనకపలకకు చాలా ముందుంటుంది. స్ట్రాప్ వెనకతలంలో తగిలినప్పుడు గిటార్ పైముఖం వాద్యకారుడికి దూరంగా, కిందికి వాలుతుంది. దాన్ని మోచేత్తో అదిమి పట్టుకోవలసి వస్తుంది. పలచని ఇఎస్-335లో బాధించని ఈ లక్షణం లోతైన ఎల్-5లో వాయించే హాయినే పాడుచేస్తుంది. పైగా పాత హీల్ క్యాప్‌లు చాలావరకు సెల్యులాయిడ్‌తో చేసినవి. ఆ పదార్థం కాలక్రమేణా పెళుసై, డ్రిల్ ఒత్తిడికి పగులుతుంది.

హీల్ పక్కముఖాన, అందునా సన్నతంత్రుల వైపు పెట్టాలనేవారి వాదం ఈ సమతౌల్యం మీదే ఆధారపడింది. అక్కడ బటన్ ఉంటే స్ట్రాప్ హీల్‌ను వెనకనుంచి చుట్టుకుని వస్తుంది, గిటార్ ముఖం నిటారుగా నిలుస్తుంది. అయితే ఈ చోటుకూ పరిమితి ఉంది. పైమెట్లు అందడానికి ఒంటిలో ఒకవైపు వంపు కోసే కట్‌అవే పద్ధతిని గిబ్సన్ 1939లో ఎల్-5, సూపర్ 400లకు తెచ్చింది. అటువంటి గిటార్లలో సన్నతంత్రుల వైపు హీల్ వంపులో కలిసిపోతుంది కాబట్టి బటన్‌కు చోటూ ఉండదు, ఉన్నా అది వాయించే చేతికి తగులుతుంది. కట్‌అవే లేని గిటార్‌కు సన్నతంత్రుల పక్కముఖం, కట్‌అవే ఉన్నదానికి హీల్ క్యాప్ అన్న విభజన ఈ రెండు వాదాలకూ న్యాయం చేస్తుంది. ఏ చోటైనా, హీల్ అడుగు అంచుకు మరీ దగ్గరగా కాకుండా, కీలుకు దూరంగా, స్క్రూ పొడవును ముందే కొలిచి బెజ్జం వేయాలి. పక్కముఖం వంపుగా ఉంటుంది గనుక చదునైన పీట రెండు బిందువుల వద్దే ఆనుతుంది. పీటను ఆ వంపుకు తగినట్టు అరగదీయడమో, మధ్యలో తోలు వాషర్ పెట్టడమో చేయకపోతే ముందు చెప్పిన ఒరుగుడు మొదటి రోజు నుంచే ఆరంభమవుతుంది.

అరిగిన బెజ్జాలకు చికిత్సలు

అరిగిన బెజ్జాన్ని నింపే పద్ధతుల్లో అతి సరళమైనది పంటిపుల్లలను జిగురులో ముంచి బెజ్జంలో దూర్చి, ఆరిన తర్వాత స్క్రూ వేయడం. దీన్ని నిపుణులు కొందరు చులకన చేసినా, బెజ్జం మరీ సాగనప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. పాత చెక్కలో ఒక్క రజను కూడా తీయదు. ఎక్కువ పుల్లలు కుక్కితే అవి మేకులా పనిచేసి హీల్‌ను చీల్చవచ్చు కాబట్టి, బెజ్జం నిండడమే తప్ప బిగుసుకోవడం లక్ష్యం కారాదు.

బెజ్జం కోలగా సాగినప్పుడు దాన్ని గుండ్రంగా సరిచేసి చెక్క బిరడాతో నింపి, కొత్తగా బెజ్జం వేయడం తదుపరి మెట్టు. ఇక్కడ తరచుగా జరిగే లోపం బిరడా ఎంపికలో ఉంది. బజారులో దొరికే గుండ్రటి చెక్క కడ్డీలో నార కడ్డీ పొడవునా ఉంటుంది. దాని ముక్కను బిరడాగా వాడితే స్క్రూ నార వెంబడి దిగి నాలుగో వంతు పట్టును కోల్పోతుంది. అదే జాతి చెక్క నుంచి నారకు అడ్డంగా కోసిన బిరడాను, చుట్టూ ఉన్న చెక్క నారతో దాని నార కలిసేలా తిప్పి అతికిస్తే పట్టు పూర్తిగా తిరిగి వస్తుంది. వాతావరణ మార్పులకు రెండూ ఒకే తీరున వ్యాకోచించి సంకోచిస్తాయి కూడా.

జిగురు విషయంలో అభిప్రాయభేదాలు లోతైనవి. పశువుల చర్మం నుంచి తీసే చర్మపు జిగురు ఈ గిటార్ల అసలు కీళ్లలో వాడినదే. వేడికీ తేమకూ మెత్తబడుతుంది గనుక చేసిన పనిని తరువాత విప్పవచ్చు. వడ్రంగుల తెల్లజిగురు, పసుపుజిగురు రకాలు సులువుగా వాడదగినవి, బలమైనవి, కొంత కష్టంతో విప్పదగినవి. క్షణాల్లో పట్టే సయనోఅక్రిలేట్ జిగురు పలుచగా ఉండి నలిగిన నారలోకి ఇంకి, మరను గట్టిపరుస్తుంది. చిన్న అరుగుదలకు దీనితోనే సరిపెట్టే నిపుణులు చాలామంది ఉన్నారు. కానీ అది చెక్కలో పాకిన చోటినుంచి వెనక్కి రాదు, ఒక బొట్టు జారితే పాత నైట్రోసెల్యులోజ్ లక్కర్ పూతను కరిగించి మచ్చ చేస్తుంది. ఎపాక్సీ బలమైనదే అయినా తిరిగి విప్పడం దాదాపు అసాధ్యం. ఇత్తడి గొట్టానికి లోపలా బయటా మర కోసి చెక్కలో బిగించే థ్రెడెడ్ ఇన్సర్ట్ పదేపదే విప్పి బిగించడానికి అనువైనదే గానీ, దానికోసం స్క్రూ బెజ్జానికి రెట్టింపు వ్యాసం గల గుంత తొలవాలి. సన్నని పాత హీల్‌లో అంత చెక్కను పోగొట్టడానికి తగిన కారణం ఊహించడం కష్టం.

ఎండ్‌పిన్ సమస్య

తోకవైపు ఎండ్‌పిన్ ఊడిపోవడం పాత ఆర్చ్‌టాప్‌ల్లో అతి సాధారణమైన ఫిర్యాదు. దానికి విరుగుడుగా పిన్నును జిగురుతో అతికించడం అతి సాధారణమైన అపచారం. కోపు పిన్ను నిలవడానికి కావలసిందల్లా దాని కోపూ రంధ్రపు కోపూ ఒకటి కావడం. పిన్నుకు పెన్సిల్ నలుపు పూసి రంధ్రంలో ఒకసారి తిప్పి తీస్తే, రంధ్రపు గోడకు నలుపు ఎక్కడ అంటిందో చూసి స్పర్శ ఎంత మేర ఉందో తెలుసుకోవచ్చు. నోటి దగ్గరే అంటితే పిన్ను కోపు ఎక్కువ, లోపలే అంటితే తక్కువ. కోపుగా తొలిచే రీమర్ అనే పనిముట్టుతో రంధ్రాన్ని లేశమాత్రం సరిచేయడం కంటే, ఉన్న రంధ్రానికి తగిన కొత్త పిన్నును చెక్కి, పాత పిన్నును భద్రపరచడం మెరుగు. రంధ్రం కోలగా సాగిపోతే వయొలిన్ మరమ్మతుల్లో చేసినట్టు కోపు బిరడాతో మూసి, తిరిగి తొలవాలి.

పిన్ను వదులు కావడంలో వాతావరణం పాత్ర కూడా ఉంది. 50 శాతం గాలితేమలో చెక్క తన బరువులో సుమారు 9 శాతం నీటిని నిలుపుకుంటుంది. 25 శాతానికి పడిపోతే అది సుమారు ఐదున్నరకు తగ్గుతుంది. చలికాలంలో వేడిచేసిన అమెరికా ఇళ్లలో పిన్ను కుంచించుకుని జారిపోవడం అందుకే. అదే గిటార్‌ను విశాఖపట్నం వంటి తీరనగరానికి తెస్తే పిన్ను ఉబ్బి బిగుసుకుంటుంది; దాన్ని పటకారుతో లాగడం, ఇంకా లోపలికి సుత్తితో కొట్టడం రెండూ ప్రమాదకరమే. కోపు పిన్ను స్వభావతః మేకు కాబట్టి, అదిమినకొద్దీ దిమ్మను నార వెంబడి చీలుస్తుంది. గిటార్ తోకపై పడినప్పుడు దిమ్మ పగలడానికి కూడా ఇదే కారణం.

పిన్ను స్థానంలో విద్యుత్ తీగ తగిలించే జాక్‌ను బటన్‌తో కలిపి బిగించడం మరో మార్గం. దీనికి రంధ్రాన్ని సుమారు 12 మిల్లీమీటర్లకు పెంచాలి. పెంచిన రంధ్రం ఎప్పటికీ పాత పిన్నును పట్టుకోదు. తంత్రుల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, ఒంటికి తగలకుండా తేలుతూ ఉండే పికప్‌లు, వాటి జాక్‌లను పైపలకను గీతల నుంచి కాపాడే పిక్‌గార్డ్‌కే బిగించే ఏర్పాట్లు దశాబ్దాలుగా ఉన్నప్పుడు, మార్పు చేయని పాత గిటార్ తోకను తొలవడం సమర్థనీయం కాదు. ఇప్పటికే తొలిచిన గిటార్‌లోనైతే మంచి జాక్ వేసి దాని నట్టు వదులు కాకుండా చూసుకోవడమే సరైన పని.

తోకవైపు ఏ పని చేసినా టెయిల్‌పీస్‌ను కదపవలసి రావచ్చు. ఆర్చ్‌టాప్‌లో తంత్రులను మోసే బ్రిడ్జ్ అతకకుండా, తంత్రుల ఒత్తిడితోనే నిలుస్తుంది కాబట్టి తంత్రులు వదులు చేసేముందు దాని స్థానాన్ని కొలిచి రాసుకోవాలి. గుర్తు కోసం అంటించే పట్టీలు పాత లక్కర్‌ను పొరలుగా ఊడదీయగలవు. విద్యుత్ గిటార్లలో టెయిల్‌పీస్ కింద నొక్కి ఉంచిన సన్నని భూసంధాన తీగ తెగితే తరువాత గుర్రుమనే చప్పుడు మొదలవుతుంది. అందువల్ల దాన్నీ ముందే చూసుకోవాలి.

తాళపు బటన్లు, వాషర్లు, బెజ్జం లేని మార్గాలు

స్ట్రాప్ జారిపోకుండా బటన్‌కే గొళ్లెంలా పట్టుకునే తాళపు ఏర్పాట్లను జర్మనీకి చెందిన షాలర్, అమెరికాకు చెందిన డన్‌లప్ వంటి సంస్థలు చేస్తున్నాయి. వాటితో వచ్చే స్క్రూ పాత బెజ్జానికి సరిపోతుందని ముందే అనుకోకూడదు. సన్నగా ఉంటే బెజ్జాన్ని నింపాలి, లావుగా ఉంటే పాత కొలతకు తగిన స్క్రూను వెతకాలి. తాళం బటన్ ఎత్తును పెంచితే పట్టీ లాగుడు చెక్క ముఖం నుంచి మరింత దూరమై, ఒరుగుడు బలం అంతమేర పెరుగుతుంది. చెక్కలోకి గుంత తొలిచి అమర్చే రకాలు పాత వాద్యాలకు తగవు.

పట్టీ జారకుండా బటన్‌పై రబ్బరు వాషర్లు తొడగడం చవకైన ఉపాయం. అయితే రబ్బరు, వినైల్ పదార్థాల్లోని రసాయనాలు నైట్రోసెల్యులోజ్ లక్కర్‌తో దీర్ఘకాలం తాకితే పూత మెత్తబడి మచ్చలు పడతాయి. పీట కింద ఉన్ని ఫెల్ట్ లేదా తోలు వాషర్ వాడి, రబ్బరు చెక్కకు తగలకుండా పట్టీకి బయటివైపే ఉంచి, వాయించని వేళ స్ట్రాప్‌ను తీసి పెట్టడం వల్ల ఈ నష్టం తప్పుతుంది.

ఏ బెజ్జమూ లేని గిటార్‌కు పాతకాలపు తలకట్టు మార్గం ఇప్పటికీ తెరిచే ఉంది. కంట్రీ సంగీతకారిణి మేబెల్ కార్టర్ వాయించిన 1928 నాటి ఎల్-5 నేడు నాష్‌విల్‌లోని కంట్రీ సంగీత మ్యూజియంలో ఉంది. అటువంటి స్థాయి వాద్యాలకు తోలుతాడే తగిన ఆభరణం. తలకట్టును తంత్రుల కింద, మెడ పైకొసన ఉండే నట్‌కు ఆవల కడతారు. అది చేతికి కాస్త అడ్డం రావచ్చు, గిటార్ తల కొంత ముందుకు రావచ్చు. మరమ్మతు నిపుణుల్లో కొందరికి ఆ చోటు గురించి జాగ్రత్త ఎక్కువ. వెనక్కి వాలిన తలభాగం, మెడ వంగకుండా లోపల అమర్చే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ కోసం తొలిచిన గుంత వల్ల గిబ్సన్ మెడలు అక్కడే పలచబడి ఉంటాయి, పడినప్పుడు అక్కడే విరుగుతాయి. గిటార్ బరువులో తాడు మోసే వంతు మెడకు అంత ప్రమాదం కాదు. తాడు వదులై గిటార్ కింద పడటమే అసలు ప్రమాదం. హీల్‌ను చుట్టి పట్టుకునే తోలు ఉచ్చు ఈ రెండింటికీ మధ్యేమార్గం. కట్‌అవే లేని గిటార్లకు అది బాగా నప్పుతుంది.

నిర్ణయ క్రమం

ఇంతవరకు పరిశీలించిన వాదాలను కలిపి చూస్తే, మరమ్మతు నిపుణుడు అనుసరించదగిన క్రమం ఒకటి ఏర్పడుతుంది. వదులైనదాన్ని సరైన కొలతతో బిగించడం మొదటిది. ఉన్న బెజ్జాన్ని పుల్లలతోనో, నార కలిసిన బిరడాతోనో, విప్పదగిన జిగురుతో బాగుచేయడం రెండవది. పొడవు స్క్రూతో తాజా నారను అందుకోవడం మూడవది. లావు స్క్రూ, జాక్, ఇన్సర్ట్ వంటి తిరిగి రాని మార్గాలు అన్నీ విఫలమైన తర్వాతివి. బెజ్జమే లేని చోట కొత్త బెజ్జం వేయడం వేరే తరగతి నిర్ణయం: చాలా చేతులు మారి, ఇప్పటికే మార్పులకు లోనైన పనిముట్టుకు, రోజూ వేదికనెక్కే వాద్యకారుడి చేతిలో అది న్యాయమే, కర్మాగారం విడిచిన స్థితిలో మిగిలిన అరుదైన వాద్యానికి తలకట్టుతో కొన్నాళ్లు వాయించి చూడకుండా ఆ పనికి పూనుకోవడం న్యాయం కాదు.

ఈ క్రమాన్ని సేకర్తలు వాద్యకారులపై రుద్దే ఆంక్షగా చూడవలసిన పనిలేదు. బలాల లెక్క ప్రకారం అతి తక్కువ చెక్కను తొలిచే మార్గాలే గిటార్‌ను భద్రంగా మోస్తాయి. నార దెబ్బతినకుండా ఉన్నప్పుడే స్క్రూ పట్టు బాగుంటుంది, పీట పూర్తిగా ఆనినప్పుడే బటన్ నిలుస్తుంది, కోపు సరిపోయినప్పుడే పిన్ను జారదు. వాద్యకారుడి భద్రతా, వాద్యం ప్రామాణికతా ఇక్కడ ఒకే పనితనాన్ని కోరుతున్నాయి. ఆ పనితనం పూర్తయిన తర్వాత తీసిన పిన్నునూ స్క్రూనూ గిటార్ పెట్టెలో భద్రపరచి, వేసిన బెజ్జం లోతు, వాడిన జిగురు, బిరడా చెక్క జాతి రాసి ఉంచడం మరమ్మతులో చివరి అంగం. తరువాతి తరం నిపుణుడు ఊహతో కాకుండా ఎరుకతో పని చేయగలగడం దానిమీదే ఆధారపడి ఉంటుంది.